అసిరి తొమ్మిది క్రెడిట్లు

మొదటి రోజు, పాడ్యమి

నా పేరు మైలపల్లి ఎర్రమ్మ. సముద్రంలో స్తంభాల మీద కట్టిన ఏడో అరుగులో, తూర్పు వరసలో చివరి ఇల్లు మాది. నాకు చదువు లేదు. చదువు లేనివాళ్ళు పది రోజుల పాటు నోటితో వ్యాజ్యం చెప్పుకోవచ్చని, అలా చెప్పింది కాగితం మీద రాసినదానితో సమానమని, కొండ మీది విద్యాలయం వాళ్ళు ఈ చెవిపెట్టె ఇచ్చి పంపారు. నేను చెప్పినదాన్ని ఇది చదువుకున్నవాళ్ళ తెలుగులోకి దిద్ది రాసుకుంటుందట. నా మాట దిద్దుకుంటే దిద్దుకోనీ. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచాలని దీనికి రెండుసార్లు చెప్పాను. దిద్దితే సముద్రంలో పడేస్తానని కూడా చెప్పాను.

వ్యాజ్యం ఇది. నా కూతురు అసిరి ఒక మాస్టర్ పట్టా తెచ్చుకుని, రెండోది చదువుతూ చనిపోయింది. రెండో పట్టాకు ముప్ఫై ఆరు క్రెడిట్లు కావాలి. ఇరవై ఏడు సంపాదించింది. తొమ్మిది తక్కువ. మొదటి పట్టా క్రెడిట్లలోంచి తొమ్మిది తీసి రెండోదానికి కలపొచ్చని వాళ్ళ రూలే ఉంది. కలపమంటున్నాను. చనిపోయినవాళ్ళకు పట్టా ఇవ్వకూడదని ఏ రూల్లోనూ లేదని కూడా వాళ్ళే చెప్పారు.

ఎందుకు అడుగుతున్నానంటే, చదువు సగంలో ఆగినవాళ్ళు పని చేసుకున్న చోటు ఖాళీ చేసి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అసిరికి ఇచ్చిన చోటు మా అరుగు కిందే. పన్నెండు స్తంభాలు. సముద్రం ఊళ్ళు మింగేశాక మేమంతా ఈ స్తంభాల మీదే కదా బతుకుతున్నది. అవేమో ఉప్పు తిని గుల్లబారిపోతున్నాయి. ఆ సిమెంటు పగుళ్ళలో వేరు పట్టి, పగులును పట్టి ఉంచే మడ మొక్కను అసిరి నాలుగేళ్ళు పెంచింది. ఇప్పుడు రెండొందల పన్నెండు మొక్కలున్నాయి. దశమి నాడు ఇనప పారలతో వచ్చి వాటిని గీకేస్తారు. పట్టా వస్తే గీకరు. పట్టా అయిన పనిని ఎవరూ ముట్టుకోకూడదు.

నా వ్యాజ్యం ఇంతే. ఒక్క రోజులో చెప్పేశాను. మిగతా తొమ్మిది రోజులూ వాళ్ళేం చేస్తారో చూస్తాను.

రెండో రోజు, విదియ

పాటు వేళ నీళ్ళు తీశాక నిచ్చెన దిగాను. మోకాటి లోతు. మొక్కల కాళ్ళకు గుల్లలు పడతాయి, తెల్లగా, గట్టిగా, పన్ను పట్టినట్టు. వదిలేస్తే కాండాన్ని కప్పేసి మొక్కకు ఊపిరి ఆడనివ్వవు. ఆల్చిప్ప అంచుతో ఒక్కొక్కటీ గీకాలి. కత్తి పనికిరాదు. బెరడు తెగితే ఉప్పు లోపలికి దిగిపోతుంది. నేను మొదట్లో కత్తే పట్టుకెళ్ళాను. అసిరి నా చేతిలోంచి లాక్కుని అంత దూరాన విసిరేసింది. మంచి కత్తి. ఇప్పటికీ నాకు దాని మీద బెంగే.

రోజుకు మూడు స్తంభాలు. నాలుగు రోజులకు ఒక చుట్టు. అసిరి పోయి ఆరు నెలలయింది. చుట్టు తప్పలేదు.

పైనుంచి పెంటమ్మ తొంగి చూసింది. పెంటమ్మ నా ఆడబడుచు. పక్కిల్లే.

"వొదినా, మొక్కలకి నువ్వు సేవ సెయ్యాల, నీ మోకాళ్ళకి నాను మందు రాయాల. బాగున్నాదమ్మా బేరం."

"నువ్వు నిలబడ్డ అరుగు ఈటి మీదే నిలబడ్డాదే. ఓపాలి దిగి సూడు."

"దిగితే ఎక్కనేనమ్మా. నన్నూ ఒక మొక్కలాగ ఎట్టీసి ఎల్లిపోతావు."

అంది గానీ, నేను పైకి వచ్చేసరికి ఆముదం వేడి చేసి కూర్చుంది.

నాలుగో రోజు, చవితి

కొండకు వెళ్ళాను. పడవ మీద నాలుగు గంటలు. క్రెడిట్ల గదిలో గుమాస్తా పేరు తవిటినాయుడు. నలభై ఏళ్ళుంటాయి. నెమ్మదస్తుడు. నెమ్మదస్తులతో దెబ్బలాడటం చాలా కష్టం.

"కలపొచ్చమ్మా. నాను కాదన్ను," అన్నాడు. "కానీ ఒకటే క్రెడిట్ రెండు పట్టాల్లో ఉండకూడదు. ఒక సేపని రెండు కూరల్లో ఎయ్యలేం కదా."

"ఎందుకెయ్యం బాబూ? తలకాయి పులుసు, నడుం ఏపుడు. మీ ఇంటికాడ తలకాయి పారేత్తారేటి?"

పక్క బల్ల దగ్గరి అమ్మాయి పకపకా నవ్వింది. తవిటినాయుడూ నవ్వాడు. నవ్వి, మళ్ళీ రూలు దగ్గరికే వచ్చాడు. నాకు అర్థమయ్యేదాకా మూడుసార్లు చెప్పాడు, విసుక్కోకుండా.

తొమ్మిది క్రెడిట్లు తీస్తే మొదటి పట్టాలో తొమ్మిది తక్కువవుతాయి. తక్కువైన పట్టా రద్దవుతుంది. రద్దయిన పట్టా తాలూకు కట్టను చెరిపేస్తారు. దాచే చోటు తక్కువ. దాచే ఇళ్ళు సముద్రంలో పోయాక, పట్టా నిలబడితేనే దాని కట్ట నిలబడుతుంది.

"కట్టంటే ఏటి బాబూ?"

ఆయన బల్ల మీది కాగితాలు ఇటువి అటు పెట్టాడు.

"ఆ పట్టా కోసం మీ అమ్మాయి సేసిన పనంతానమ్మా. గురువారం గురువారం మీరొచ్చి ఇంటారు కదా. అదే."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అసిరి మొదటి పట్టా పాతకాలపు సముద్రం మనుషులకు తెలిసిన సంగతుల మీద. గాలి, నీళ్ళు, చేపలు, వల. దాని కోసం అది నన్నే కూర్చోబెట్టి అడిగింది. అది అడుగుతుంది, నేను చెబుతాను. నలభై గంటలు. అదంతా గొంతుతోనే కొండ మీద ఉంది. అసిరి పోయినప్పుడు మనిషి దొరకలేదు. మట్టి చేయడానికి కూడా దొరకలేదు. నాకు ఆ నలభై గంటలే ఉన్నాయి. వారానికి ఒక గంట వినిపిస్తారు. గొంతులు ఇళ్ళలో దాచుకోవడం ఎవరికీ కుదరదు. గొంతు దాచే రాయి ఒక్కటి ఇంట్లో దొరికినా కొండ మీదివాళ్ళు పట్టుకుపోతారు. అందుకని నేనే వెళ్ళి వింటున్నాను, వరసగా, మొదటి గంట నుంచి. ఇరవై ఆరు విన్నాను. ఇంకా పద్నాలుగు ఉన్నాయి. పద్నాలుగు వారాలు అది నాతో కొత్త మాట మాట్లాడుతుందని లెక్క పెట్టుకున్నాను.

"ఇంకోటమ్మా," అన్నాడు తవిటినాయుడు. "పట్టా ఇచ్చినప్పుడు సాచ్చి ఏలు ఎవరేసినారో, రద్దుకీ ఆల ఏలే పడాల. ఇంకెవరేసినా సెల్లదు. సాచ్చి మీరే."

లేచి వచ్చేశాను.

ఐదో రోజు, పంచమి

దిగలేదు. చుట్టు తప్పింది.

పెంటమ్మకు అంతా చెప్పాను. అది చేప తోముతూ తోముతూ ఆపింది.

"ఇందులో ఆలోసించీదేటుంది వొదినా? మొక్కలు ఒగ్గీ. మొక్కలు మాటాడతాయేటి? గొంతుంచుకో."

"స్తంభాలో?"

"పడినప్పుడు సూద్దుం. అప్పటికి నువ్వుంటావా నానుంటానా?"

"అది నాలుగేళ్ళు పెంచినాదే."

"అది నీ కడుపున పుట్టి ముప్పయ్యేళ్ళు మాటాడినాది."

పో నా ఇంట్లోంచి అన్నాను. పోలేదు. గంజి కాచి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చుని, అప్పుడు పోయింది.

ఆరో రోజు, షష్ఠి

ఇప్పటిదాకా కొండ మీదివాళ్ళే నా కూతుర్ని తినేసినట్టు మాట్లాడాను. ఈ పెట్టెకు ఒక సంగతి చెప్పకుండా దాచాను. వ్యాజ్యంలో దాచకూడదట. చెబుతున్నాను.

పట్టా ఇచ్చే రోజున ప్రతి పిల్లా పిల్లాడూ ఒక సాక్షిని తెచ్చుకోవాలి. ఇది కొండ మీది ఆచారం. అందరూ చదువుకున్న పెద్దమనుషులను తెచ్చుకున్నారు. అసిరి నన్ను తీసుకెళ్ళింది. సభలో నా పేరు పిలిచారు. నేను వేలు వేస్తే దానికి పట్టా వచ్చింది. ఏడో అరుగులో అదే మొదటి పట్టా. ఆ రోజు అరుగు అంతటికీ అన్నం పెట్టాను. నెల రోజులు నా బొటనవేలును అందరికీ చూపించాను, అదేదో బంగారపు వేలైనట్టు.

రెండో పట్టాలో చేరిన ఏడాది అసిరి ఒక కాగితం తెచ్చింది. ఇదే కాగితం. ఇదే తొమ్మిది క్రెడిట్లు. నేను వేలు వేస్తే మొదటిది రద్దు, రెండోదాంట్లో మూడు సబ్జెక్టులు చదవక్కరలేదు.

"ఊరందరి ముందు ఏసిన ఏలు," అన్నాను. "ఉమ్మీసి మళ్ళీ నాకమంటావేటే?"

"పట్టా ఒట్టి కాయితమే అమ్మా. నాకు పని గావాల. మూడు సబ్జెక్టులంటే ఏడాదిన్నర, వారానికి రెండు మార్లు పడవ."

"ఎక్కు పడవ. ఎక్కలేవేటి? మీ తాత పుట్టినప్పట్నించి పడవ మీదే."

"కట్టంతా పోద్దని బెంగెట్టుకున్నావేటి? పోతే పోనీయే. నా గొంతు నాకాడే ఉన్నాది కదేటి."

నాకు కట్ట మీద బెంగ లేదు. అప్పుడు నాకు కట్టంటే ఏమిటో కూడా తెలియదు. నా బెంగంతా వేలు మీద. మూడుసార్లు అడిగింది. మూడోసారి బతిమాలలేదు. కాగితం మడిచి నడుముకు దోపుకుని నిచ్చెన దిగి మొక్కల దగ్గరికి పోయింది.

ఆ మూడు సబ్జెక్టులు అది ఆఖరికి ఉంచుకుంది. మొదటిదాంట్లో ఎనిమిదో పాఠం రోజున, మూడో అరుగు మలుపులో పడవ తిరగబడింది. వానాకాలం. పడవలో ఆరుగురు. ఐదుగురు దొరికారు.

నేను వేలు వేసి ఉంటే ఆ పొద్దు అది మా ఇంటి కింద, మోకాటి లోతు నీళ్ళలో, ఆల్చిప్ప పట్టుకుని నిలబడి ఉండేది.

రాసుకున్నావా? రాసుకో.

ఏడో రోజు, సప్తమి

తవిటినాయుడు మా అరుగుకు వచ్చాడు. ఖాళీ చేసే ముందు మొక్కలు లెక్క పెట్టడం ఆయన పని. పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, నిచ్చెనను బిడ్డ తల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని దిగాడు.

"సెరువులో ఈదినోడివి కాదు గావాల," అన్నాను.

"కొండోడినమ్మా. బకెట్లో నీళ్ళు సూసినా భయమే."

రెండొందల పన్నెండు అని రాసుకున్నాడు. అప్పుడు నేను కొండ నుంచి వస్తూ పడవలో అనుకున్న మాట అన్నాను.

"ఆ మూడు సబ్జెట్ల పరీచ్చ నాకెట్టు బాబూ. నోటితో."

"మీ పేరు మీద సీటు నేదమ్మా."

"మొదటి పట్టాలో మాటలన్నీ ఎవరియ్యి? అప్పుడు దాని పట్టాకి నా నోరు సెల్లినాది. ఇప్పుడు సెల్లదేటి? అడిగి సూడు."

ఆయన అటూ ఇటూ చూశాడు. అడిగితే ఉద్యోగం పోతుందన్నట్టు చిన్నగా అడిగాడు.

"ఈ స్తంభానికి ఉత్తరం పక్క మొక్కలు ఎందుకు పెట్టలేదు?"

"అటేపు కెరటం నేరుగా కొడతాది. అక్కడెట్టిన పదకొండూ పోనాయి. అందుకని దచ్చినం పక్కనెట్టి, ఏరుని ఎనకనించి సుట్టి తెచ్చినాది. ఏరు ముదిరినాక కెరటం కొట్టినా ఊడదు. సెయ్యెట్టి సూడు."

చెయ్యి పెట్టాడు. నీళ్ళలో భుజం దాకా వంగి స్తంభం వెనక తడిమాడు. చొక్కా అంతా తడిసింది. చాలాసేపు చెయ్యి తీయలేదు.

"సీటున్న పిల్లలకి ఇది తెల్దమ్మా," అన్నాడు.

"అయితే క్రెడిట్లియ్యి."

"నానివ్వలేను."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. పైకెక్కాక ఒళ్ళు తుడుచుకోవడానికి నా తువ్వాలు ఇచ్చాను. పెంటమ్మ టీ ఇచ్చింది. పడవ ఎక్కబోతూ ఆయన అన్నాడు, "ఎల్లుండి గది మూయకముందే రండమ్మా. ఏ పనికైనా అదే ఆఖరు."

ఎనిమిదో రోజు, అష్టమి

మూడు స్తంభాలు గీకాను. తప్పిన రోజువి ఇంకో మూడు గీకాను. ఈ రోజు చెప్పడానికి ఇంకేమీ లేదు.

తొమ్మిదో రోజు, నవమి

మొదటి పడవకే వెళ్ళాను. పెంటమ్మకు చెప్పి వెళ్ళాను. అది తలుపు దగ్గర నిలబడి, "నా మేనకోడలి గొంతు నువ్వు సెరిపేత్తే మళ్ళీ నా గుమ్మం తొక్కకు వొదినా," అంది. సరే అన్నాను.

తవిటినాయుడు నన్ను వినే గదిలో కూర్చోబెట్టి, ఇంకెవరినీ రానివ్వకుండా బయట కుర్చీ అడ్డం వేశాడు. వారానికి ఒక్క గంటే అని రూలు. ఆయన ఆ రూలు ఎత్తలేదు.

"ఆఖరి పడవకి ఏడు గంటలుందమ్మా. ఆరు గంటలు ఇనొచ్చు. ఏ గంట గావాలో సెప్పండి, అదే పెడతాను. మంచివేవో నాకు తెలుసు."

అంటే ఆయనా విన్నాడన్న మాట.

"వరసలోనే ఎట్టు బాబూ. దాని పనిలో మజ్జి మజ్జిన గెంతితే దానికి కోపం."

ఇరవై ఏడో గంట నుంచి ముప్ఫై రెండో గంట దాకా విన్నాను. అన్నం తినలేదు. ఒకచోట అది దగ్గింది. నాకు గుర్తుంది, ఆ దగ్గు వారం రోజులుంది, మిరియాల చారు పెట్టాను. ఒకచోట మేమిద్దరం ఉత్తినే దెబ్బలాడుకున్నాం, దేని గురించో. ముప్ఫై రెండో గంట అయిపోయాక ఆయన వచ్చి నిలబడ్డాడు. ఇంకా ఎనిమిది ఉన్నాయి. వాటిలో అది ఏం మాట్లాడిందో నేనిక ఎప్పటికీ వినను. మాట్లాడింది నాతోనే. నాకే గుర్తులేదు.

క్రెడిట్ల గదికి వెళ్ళాం. వేలు పలక తెచ్చాడు. వేశాను. ఎర్ర దీపం వెలిగింది. తుడిచి మళ్ళీ వేశాను. ఎర్రదే. ఆరు నెలలుగా ఆల్చిప్ప పట్టి పట్టి నా బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి. మూడోసారీ ఎర్రదే వచ్చేసరికి తవిటినాయుడు పలక వెనక్కి లాక్కున్నాడు.

"ఇది ఒప్పుకోడం నేదమ్మా," అన్నాడు. అంటూ నా మొహం చూడలేదు. "మీ ఏలు పడలేదని రాసీగలను. మీ తప్పేటీ ఉండదు. ఇంటికెల్లి ఆలోసించుకోండి."

నా తప్పు ఉండదట. ఆ మాట విని ఒక్క క్షణం నాకు ప్రాణం లేచి వచ్చింది. అబద్ధం చెప్పను. గురువారం మళ్ళీ రావచ్చు. ముప్ఫై మూడో గంట వినవచ్చు. మొక్కలు పోయాయంటే ఏం చేస్తాం, వేలు పడలేదు అని చెప్పుకోవచ్చు.

"ఆలోసన నాలుగేళ్ళ కిందట సెయ్యాల్సింది బాబూ," అన్నాను. "నూనుందేటి?"

పక్క బల్ల అమ్మాయి తన జడకు రాసుకునే నూనె సీసా ఇచ్చింది. వేలికి రాసి, మెత్తబడేదాకా రుద్ది, తుడిచి, ఈసారి అటూ ఇటూ దొర్లించి నొక్కాను. పచ్చ దీపం వెలిగింది.

ఏ చప్పుడూ కాలేదు. ఏదో ఒక చప్పుడు అవుతుందనుకున్నాను. "అయిపోనాదేటి?" అని అడిగాను. అయిపోయింది అన్నట్టు తల ఊపాడు.

తర్వాత అసిరి పేరు పెద్దగా చదివాడు. మైలపల్లి అసిరమ్మ, ముప్ఫై ఆరు క్రెడిట్లు, పూర్తి. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. పక్క బల్ల అమ్మాయి లేచి నిలబడింది.

పదో రోజు, దశమి

గీకేవాళ్ళు రాలేదు. పొద్దున పాటుకు దిగి మూడు స్తంభాలు చేశాను. పెంటమ్మ తలుపు మూసే ఉంది. పొయ్యి పొగ మాత్రం వస్తోంది.

మధ్యాహ్నం పడవకు ఈ పెట్టె తీసుకెళ్ళిపోతారు. తవిటినాయుడు నిన్న ఒక మాట చెప్పాడు. పట్టా కోసం పెట్టుకున్న వ్యాజ్యం కూడా ఆ పట్టా కట్టలోనే ఉంటుందట. గొంతుగా కాదు, అక్షరాలుగా. గొంతుకు చోటెక్కువ, అక్షరాలకు తక్కువ. రెండో పట్టా నిలబడినంతకాలం ఇవీ నిలబడతాయి. నాకు చదవడం రాదు. ఈ కట్టలో ఏముందో నేను మళ్ళీ చూసుకోలేను. ఎవరైనా చదువుతారేమో.

అందుకని నిన్న విన్న ఆఖరి గంటలోది చెబుతున్నాను, మరిచిపోకముందే. నాకు చదువు లేదు గానీ ఒకసారి విన్నది పోదు. దీన్ని దిద్దకు.

అది అడిగింది: "అమ్మా, యంత్రం నేకుండా సేపల గుంపు వచ్చినాదని నీకెలాగ తెలిసీదే?"

నేనన్నాను: "వాసనొచ్చీది."

"ఏ వాసన?"

"దోసకాయి కోసినట్టు, పచ్చిగా."

"నాను దోసకాయి సూడనేదు కదే. ఏటని రాసుకోను?"

"అయితే రాసుకోకు. ముందు అన్నం తిను, సల్లారిపోతాది."

"తింటానే. తినీసొచ్చి మళ్ళీ అడుగుతాను. నిన్ను ఒగ్గుతాననుకున్నావేటి?"

ఇక్కడ అది నవ్వింది. ఆ నవ్వు నాకు రాదు. నవ్వింది అని రాయి.